కశ్మీర్ లోయలో వసంతకాల వాతావరణం

కశ్మీర్ లోయలో మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా సాగే రుతువుకు అక్కడి పేరు సోంత్. బాదం, పియర్, చెర్రీ, యాపిల్ చెట్లు ఒకదాని వెనక ఒకటి పూసేది ఈ రెండు నెలల్లోనే. లోయ బాగా తడిసేదీ అప్పుడే. శ్రీనగర్‌లో వాన, మంచు కలిపి ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల పైచిలుకు పడితే, అందులో మార్చిదే పెద్ద వాటా. దేశమంతా నానిపోయే జులై, ఆగస్టు నెలలు ఇక్కడ ఓ మోస్తరుగా గడిచిపోతాయి. పీర్ పంజాల్ శ్రేణికి దక్షిణాన ఉన్న జమ్మూలో లెక్క తిరగబడుతుంది, అక్కడ వానంటే నైరుతి రుతుపవనమే. ఏప్రిల్‌లో శ్రీనగర్‌లో కురిసే వానను అకాల వర్షమని రాసే పత్రికలు దక్షిణాది క్యాలెండర్‌ను కొండలు దాటించి చూస్తున్నట్టే.

టూరిస్టుల ఫొటోల్లో కశ్మీర్ వసంతమంటే ఎండ, నీలాకాశం, జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన తులిప్ తోట. ఆ ఎండ అబద్ధం కాదు గానీ, వరసగా నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. పగలు 20 డిగ్రీలు దాటిన మర్నాడే పది డిగ్రీల దగ్గర వణికించగలదు. అందుకే అక్కడివాళ్లు పొడుగాటి వదులు అంగీ ఫెరన్‌ను, దాని లోపల పట్టుకునే నిప్పుల కుంపటి కాంగ్డీని ఏప్రిల్ వచ్చినా అటక ఎక్కించరు. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు మనకు ఉగాది అయితే కశ్మీరీ పండితులకు నవరేహ్. మన ఇళ్లలో వేపపూత, మామిడి ముక్కలతో పచ్చడి కలిపే ఆ పొద్దున లోయ చుట్టూ కొండలు తెల్లగానే ఉంటాయి. ఒక్కో ఏడాది ఊళ్లలోనూ మంచు కురుస్తుంది.

నేల తీరు

సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున, సుమారు 135 కిలోమీటర్ల పొడవు, 32 కిలోమీటర్ల వెడల్పుతో పరుచుకున్న లోయ ఇది. నైరుతిలో పీర్ పంజాల్, ఈశాన్యంలో హిమాలయ ప్రధాన శ్రేణి. నీళ్లు బయటికి పోయేందుకు పెద్ద దారి ఒక్కటే, బారాముల్లా దగ్గర జీలం నది కొండల్ని కోసుకుపోయే చోటు. వానాకాలపు మేఘాలు చాలావరకు పీర్ పంజాల్ దక్షిణపు వాలు మీదే కురిసేస్తాయి. పడమటి నుంచి ఎత్తున వచ్చే మేఘాలకు ఆ గోడ అడ్డు కాదు. అవి కొండల వెంట పైకి లేచి, చల్లబడి, లోపలికి వచ్చి కురుస్తాయి.

వసంతంలో దీనికి ఎండ తోడవుతుంది. లోయ నేల వేడెక్కుతుంది, వాలుల మీద మంచు ఇంకా కరగలేదు, పడమటి అల్పపీడన ద్రోణితో వచ్చిన పైగాలి చల్లగా ఉంటుంది. కింద వేడి, పైన చలి కలిసిన గాలి నిలకడగా ఉండదు. పొద్దున నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి ఉరుములు, సాయంత్రానికి వడగళ్లు వచ్చేది ఇందువల్లే. శ్రీనగర్‌లో వాన పడుతున్న గంటలోనే 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మార్గ్‌లో మంచు పడుతుంది. మధ్యలో ఎక్కడో వానకూ మంచుకూ మధ్య గీత ఉంటుంది. ఆ గీత రెండు మూడు వందల మీటర్లు పైకి జరిగితే మంచుగా నిలవాల్సినది వానై కిందికి ఉరుకుతుంది, పాత మంచునూ కరిగించి వెంట తెస్తుంది. వసంతపు వరదలు చాలావరకు ఇలా పుట్టినవే.

పాత రాతల్లో

12వ శతాబ్దపు కల్హణుడి రాజతరంగిణిలో మంచు, వరద, కరవు పదేపదే వస్తాయి. తుంజీనుడనే రాజు కాలంలో భాద్రపదంలోనే మంచు కురిసి, కోతకు సిద్ధమవుతున్న వరి నాశనమై కరవు వచ్చిందని అందులో ఉంది. 9వ శతాబ్దంలో అవంతివర్మ కొలువులో పనిచేసిన సుయ్యుడు వితస్త నదికి, అంటే నేటి జీలానికి, బారాముల్లా వైపు అడ్డుపడిన రాళ్లను తొలగించి నీరు పారేలా చేశాడన్న కథనమూ అందులోదే. ఆకాశాన్ని ఆపలేనప్పుడు ఏటి గొంతు వెడల్పు చేయడం ఒక్కటే మార్గమని ఆనాడే గ్రహించారు.

జహంగీర్ 1620 వసంతంలో కశ్మీర్ వచ్చాడు. పీర్ పంజాల్ దారి మంచుతో మూసుకుపోయి ఉంటుందని పఖ్లీ, బారాముల్లాల మీదుగా చుట్టు తిరిగి ప్రయాణించాడు. ఆ దారిలోనూ వాన, మంచు కలిసి కురిశాయి. బాదుషా, అంతఃపురం కలిసి కొలువు ఉద్యోగి ఒకరి డేరాలో తలదాచుకోవాల్సి వచ్చింది. ఆ యాత్రలో చిత్రకారుడు మన్సూర్ వందకు పైగా పూల బొమ్మలు వేశాడని బాదుషా తన ఆత్మకథలో రాసుకున్నాడు. తరవాతి కాలం పూలను గుర్తుంచుకుని డేరాను మరిచిపోయింది.

ఔరంగజేబు పరివారంతో పీర్ పంజాల్ ఎక్కిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే ఇంకా విచిత్రమైన సంగతి రాశాడు. కొండ కొమ్మున జహంగీర్ కాలం నుంచీ ఉంటున్నాడని చెప్పే ఒక ముసలి సాధువు కనిపించాడు. ఇక్కడ చప్పుడు చేస్తే భయంకరమైన గాలివాన లేస్తుందనీ, జహంగీర్ ఆ మాట లెక్కచేయక బాకాలు ఊదించి ప్రాణాల మీదికి తెచ్చుకున్నాడనీ, షాజహాన్, ఔరంగజేబు మాత్రం నిశ్శబ్దంగా దాటారనీ ఆయన చెప్పాడట. శబ్దానికి తుపాను లేవదు. అయినా కనుమ దగ్గర వాతావరణం చెప్పాపెట్టకుండా మారుతుందని తరతరాలుగా చూసినవాళ్లు దానికి వెతుక్కున్న కారణమది.

19వ శతాబ్దం చివర భూమిశిస్తు బందోబస్తు చేసిన వాల్టర్ లారెన్స్ 1895లో అచ్చువేసిన పుస్తకంలో లోయ సేద్యాన్ని రైతు వైపు నుంచి చూశాడు. వరికి నీరిచ్చేది వేసవిలో కరిగే కొండ మంచే. అందుకని వసంతంలో వాన కావాలి గానీ, ఆ మంచును ముందే కడిగేసేంత వాన కాకూడదు. ఈ ఇరకాటం ఇవాళ్టికీ తీరలేదు.

మంచు నుంచి రుతుపవనం దాకా

హిమాలయపు మంచును దేశంలోని అనావృష్టితో ముడిపెట్టిన మొదటి శాస్త్రవేత్త హెన్రీ బ్లాన్‌ఫర్డ్. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధికారి ఆయనే. మరుసటి ఏడే మద్రాసు రాజధానిలో వానలు తప్పాయి. బళ్లారి, కడప, కర్నూలు జిల్లాల్లో తెలుగువాళ్లు ధాత కరువుగా చెప్పుకున్న ఆ ఘోరం 1878 దాకా సాగింది. వాయవ్య హిమాలయంలో శీతకాలం చివర, వసంతంలో మంచు మామూలును మించి పడిన ఏడు రుతుపవనం బలహీనపడుతోందని బ్లాన్‌ఫర్డ్ గమనించి, 1884లో రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. 1886 నుంచి ఆ మంచు లెక్క ఆధారంగానే రుతుపవనాల ముందస్తు అంచనాలు వెలువడ్డాయి. తరవాత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ దానికి ప్రపంచం నలుమూలల వాతావరణ లెక్కలు జోడించాడు. మంచు ఒక్కదాని మీద ఆధారపడితే చాలదని తేలిపోయినా, లోయలో కురిసే దానికీ రాయలసీమలో కురవని దానికీ సంబంధం ఉండొచ్చన్న ఆలోచన ఇక్కడే మొదలైంది.

అప్పటికి లోయ మీదికి వచ్చే మబ్బులు ఎక్కడివో ఎవరికీ స్పష్టంగా తెలియదు. నేల మీది పీడనం కొలిచి, పడమటి నుంచి అల్పపీడనాలు వస్తున్నాయని మాత్రం చెప్పేవారు. వీటికి వెస్టర్న్ డిస్టర్బెన్స్, మన పత్రికల మాటలో పశ్చిమ అలజడి, అన్న పేరు స్థిరపడింది. అసలు యంత్రాంగం బెలూన్లు, విమానాలు పైగాలిని చూపించాకే తెలిసింది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి దూసుకుపోయే జెట్ ప్రవాహం చలికాలంలో హిమాలయానికి దక్షిణపు వైపుగా సాగుతుంది. మధ్యధరా, కాస్పియన్ ప్రాంతాల నుంచి బయలుదేరిన ద్రోణులు దానితో పాటు వస్తూ దారిలో అరేబియా సముద్రపు తేమనూ అందుకుంటాయి. చలికాలంలో నెలకు నాలుగైదు దాకా వస్తాయి. మే చివరికి జెట్ టిబెట్ పీఠభూమికి ఉత్తరంగా జరిగితే వాటి రాకపోకలు పలచబడతాయి. మార్చి, ఏప్రిల్ నెలలు ఈ మార్పుకు నడుమ చిక్కుకున్నవి.

1956లో పిషారటి, దేశాయ్ పశ్చిమ అలజడుల మీద రాసిన పత్రం, అదే ఏడు సి. రామస్వామి జెట్ ప్రవాహానికీ రుతుపవనానికి ముందు వచ్చే ఉరుముల వానలకూ లంకె చూపిన పత్రం ఈ విషయంలో మైలురాళ్లు. భారతదేశం మీది పైగాలుల అధ్యయనంలో తెలుగువాడైన పి. కోటేశ్వరం పేరూ చెప్పుకోవాలి. రుతుపవన కాలపు తూర్పు జెట్‌ను వెలుగులోకి తెచ్చిన ఆయన తరవాత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఒక్కో మార్చిలో పడమటి ద్రోణి దక్కన్ దాకా తోక చాచినప్పుడు తెలంగాణ మామిడి తోటల మీద పడే వడగళ్ల వెనకా ఈ పైగాలుల చెయ్యి ఉంటుంది.

తోట, దారి, ఏరు

దేశంలో పండే యాపిల్‌లో అధికభాగం ఈ లోయది. యాపిల్ పూతకొచ్చేది ఏప్రిల్‌లో. ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగితే తేనెటీగ గూడు దాటదు, పూత ఉన్నా పిందె నిలవదు. వాన కొనసాగితే నేల మీద రాలిన నిరుటి ఆకుల్లో దాగిన స్కాబ్ శిలీంధ్ర బీజాలు చిమ్మి లేత ఆకులకు అంటుకుంటాయి. 1973లో ఈ తెగులు లోయను చుట్టేసింది. మొగ్గ పచ్చబడినప్పుడు, గులాబి రంగు తిరిగినప్పుడు, రేకులు రాలాక మందు కొట్టే పద్ధతి ఆ తరవాత తోటల్లో పాతుకుపోయింది. కొట్టిన రెండు గంటలకే వాన పడితే మందు డబ్బు, కూలి డబ్బు నీళ్లపాలు. అందుకే రైతుకు కావాల్సింది వారం సగటు కాదు, రేపు పొద్దున పది నుంచి సాయంత్రం దాకా పొడిగా ఉంటుందా అన్న ఒక్క జవాబు.

దారుల సంగతి వేరే కథ. జమ్మూ–శ్రీనగర్ హైవే మీద 1956లో జవాహర్ సొరంగం, 2021లో దాని కింద బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం వచ్చాక కనుమ దగ్గరి మంచు బెడద తగ్గింది. రాంబన్, బనిహాల్ మధ్య కొండ మట్టి మాత్రం నానితే జారుతూనే ఉంది. పంథ్యాల్ దగ్గర ఎండలోనూ రాళ్లు దొర్లేవి.

2015 మార్చి చివర జీలం ప్రమాద స్థాయి దాటింది. 30వ తేదీన బడ్గామ్ జిల్లా లాడెన్ గ్రామంలో కొండచరియ ఇళ్ల మీద పడి 16 మంది చనిపోయారు. అంతకు ఆరు నెలల ముందే, 2014 సెప్టెంబరులో, మహా వరద చూసిన జనం మళ్లీ సామాన్లు మేడ మీదికి మోశారు. 2022 మార్చి ఇందుకు ఎదురు. దేశం మొత్తం మీద పగటి ఉష్ణోగ్రతల సగటు 1901 తరవాత ఏ మార్చిలోనూ లేనంతకు చేరింది, లోయలోనూ వానలు ముఖం చాటేశాయి. 2025 ఏప్రిల్ 20న రాంబన్‌లో కుండపోత వానకు మెరుపు వరద వచ్చి ముగ్గురు మరణించారు, హైవే మూతపడింది. బనిహాల్ కొండ మీద వాతావరణ శాఖ 2023 జనవరిలో ప్రారంభించిన డాప్లర్ రాడార్ మబ్బు ఎంత దట్టంగా ఉందో, ఎటు కదులుతోందో చూపిస్తుంది. ఒక వాగు మీద కురిసే వాన పక్క వాగు మీద కురుస్తుందా లేదా అన్నది దాని తెర మీద కనిపించే వేళకు, రాంబన్ లాంటి నిటారు వాలుల కింద ఉన్నవాళ్లకు మిగిలే సమయం గంటల్లో కాక నిమిషాల్లోనే ఉంటోంది.