ఫోను మోగని స్టేషన్

పిట్లంలో మా అక్కవాళ్ల డాబా మీద ఎండాకాలం రాత్రి పక్కలు పరుచుకుని పడుకున్నాం. హైదరాబాద్–నాందేడ్ రోడ్డు మీద పోయే లారీల మోత దూరం నుంచి వస్తూ పోతూ ఉంది. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఇయర్‌ఫోన్ల జతలో ఒకటి తన చెవిలో ఉంచుకుని, రెండోది నా చేతికిచ్చాడు. "మామా, గిది ఇను" అన్నాడు. గిటారు ఒకటి నెమ్మదిగా అలలా లేచి, ప్రతిధ్వనిలో కరిగిపోతోంది. పాట మొదలై నాలుగు నిమిషాలైనా గొంతు వినిపించలేదు. ఎక్కడో అమెరికాలో ఉన్న ఇంటర్నెట్ రేడియో అట. రాత్రీ పగలూ పాత రాక్ పాటలు, అందులోనూ మనసును ఎక్కడికో తీసుకుపోయే సైకెడెలిక్ రాక్ పాటలు వస్తూనే ఉంటాయట.

కాసేపు విన్నాక వాడొక ప్రశ్న వేశాడు. "మామా, గీ పాటలు ఏరి పెట్టే మనిషి ఒకడు ఉంటడు గదా. మన పిట్లంల నేను ఇంటున్ననని ఆయనకు ఎర్కయితదా?"

చిన్న ప్రశ్నే. కానీ ఆ పాట మా డాబా దాకా రావడానికి పట్టిన కాలమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పాడేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. ఇద్దరి మధ్య దారే లేదు. ఆ దారి వేసినవాళ్ల కథ ఇది.

1950లలో అమెరికా రేడియోను ఒక జాబితా నడిపేది. ఒమాహా నగరంలో టాడ్ స్టార్జ్ అనే స్టేషన్ యజమాని, హోటళ్లలో జూక్‌బాక్సు దగ్గర జనం అవే పాటలు మళ్లీ మళ్లీ పెట్టించుకోవడం గమనించి, రేడియోలోనూ అదే పద్ధతి తెచ్చాడు. బాగా అమ్ముడుపోతున్న నలభై పాటలు తిరిగి తిరిగి వేయడం, మధ్యలో ప్రకటనలు. పద్ధతి దేశమంతా పాకింది. దానితోపాటే ఒక రాయని శాసనమూ వచ్చింది: పాట సుమారు మూడు నిమిషాల్లో ముగియాలి. అంతకు మించితే వేసే స్టేషన్ దొరకడం కష్టం.

1960ల మధ్యకొచ్చేసరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం పాట పెరుగుతోంది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్, గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటి బృందాలు ఫిల్మోర్ హాల్లో, అవలాన్ హాల్లో రాత్రంతా వాయించేవి. ఒక్కో పాట పది, పదిహేను నిమిషాలు సాగేది. మన సితార్ కూడా అందులో కలిసింది. 1967 జూన్‌లో మాంటెరేలో జరిగిన సంగీతోత్సవంలో పండిట్ రవిశంకర్ మధ్యాహ్నమంతా వాయిస్తే, రాక్ వినడానికి వచ్చిన వేల మంది కదలకుండా కూర్చున్నారు. అంత సంగీతం ఊళ్లో పొంగుతుంటే రేడియోలో మాత్రం అదే నలభై పాటల గానుగ తిరుగుతోంది.

టామ్ డొనహ్యూ అనే రేడియో వ్యాఖ్యాత ఆ గానుగకు అలవాటైన మనిషే. భారీ శరీరం, లోతైన కంఠం. అభిమానులు 'బిగ్ డాడీ' అనేవారు. అదే ఊళ్లో కేవైఏ అనే టాప్-40 స్టేషన్‌లో పేరు తెచ్చుకుని, విసుగెత్తి బయటికొచ్చాడు. 1967 మొదట్లో ఒక రాత్రి ఇంట్లో స్నేహితులతో కూర్చుని, అప్పుడే వచ్చిన డోర్స్ బృందం మొదటి ఆల్బమ్ వింటున్నాడు. అందులో 'లైట్ మై ఫైర్' ఏడు నిమిషాల పాట. చివరి పాట 'ది ఎండ్' పన్నెండు నిమిషాలకు దగ్గర. రేడియో కోసం ఏడు నిమిషాల పాటను కత్తిరించి మూడు నిమిషాల లోపుకు తెచ్చారు. వాద్యాలు విప్పారే నడిమి భాగమంతా పోయింది. "ఇంత మంచి సంగీతాన్ని రేడియోలో ఎందుకు వేయరు?" అన్న ఆలోచన అతన్ని ఆ రాత్రి వదల్లేదు.

దారి ఎక్కడుందో అతనికి తట్టింది. ఎఫ్‌ఎం! ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లోనే పేటెంట్ పొందిన ఎఫ్‌ఎం ప్రసారంలో గరగర ఉండదు, ధ్వని తేటగా ఉంటుంది. అయినా దానికి ఆదరణ లేక, చాలా ఎఫ్‌ఎం స్టేషన్లు పాత ఏఎం రేడియో కార్యక్రమాలనే తిరిగి వేసేవి. పెద్ద నగరాల్లో అలా సగానికి మించి వేయకూడదని అమెరికా ప్రసార సంఘం పెట్టిన నియమం 1967 మొదట్లో అమల్లోకొచ్చింది. స్టేషన్లకు హఠాత్తుగా గంటల కొద్దీ కాలం ఖాళీగా మిగిలింది. దాన్ని దేనితో నింపాలో చాలామందికి తెలియదు.

డొనహ్యూ ఎఫ్‌ఎం స్టేషన్ల జాబితా ముందు పెట్టుకుని వరసగా ఫోన్లు చేశాడని అతని భార్య రేచెల్ చెప్పేవారు. కేఎంపీఎక్స్ అనే స్టేషన్‌కు చేస్తే ఫోను మోగలేదు. కనెక్షన్ తీసేశారు. మరొకరైతే ఆ పేరు కొట్టేసేవారు. ఫోను బిల్లు కట్టలేని స్టేషన్ కొత్త మాట వింటుందని అతను గ్రహించాడు. పరభాషా కార్యక్రమాలకు గంటల లెక్కన సమయం అమ్ముకుంటూ బతుకుతున్న స్టేషన్ అది. ఫిబ్రవరి నుంచే అక్కడ లారీ మిల్లర్ అనే యువకుడు అర్ధరాత్రి దాటాక ఇలాంటి పాటలే వేస్తున్నాడు. ఏప్రిల్ 7న డొనహ్యూ సాయంత్రపు పాళీ మొదలుపెట్టాడు. కొన్ని నెలల్లో రోజంతా ఆ సంగీతమే అయింది.

జాబితా లేకుండా రోజును నింపడం ఎలా? డొనహ్యూ బృందం కనిపెట్టిన అసలు విద్య ఇదే. ఒక పాట ముగింపులో మిగిలిన స్వరం తరువాతి పాట ఆరంభానికి అతకాలి. బ్లూస్ తరువాత జానపదం, దాని తరువాత సితార్ రాగం, ఆపైన రాక్. మూడు నాలుగు పాటలు దండలా గుచ్చి, అవన్నీ అయ్యాకే నెమ్మదిగా నాలుగు మాటలు. పొద్దుటి పాట వేరు, అర్ధరాత్రి పాట వేరు. పొద్దున్నే భక్తిరంజనితో కళ్లు తెరిచి, రాత్రి లలిత గీతాలతో మూసుకున్న ఆకాశవాణి శ్రోతలకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. రోజుకు ఒక నడక ఉంటుంది, రేడియో దాని వెంట నడవాలి.

సుఖాంతం కాలేదు. ఏడాది తిరగక ముందే యాజమాన్యంతో తగువొచ్చింది. 1968 మార్చిలో సిబ్బంది సమ్మె చేశారు. మే నెలలో చాలామంది కేఎస్ఏఎన్ అనే మరో స్టేషన్‌కు తరలిపోయి అక్కడ అదే సంగీతం మొదలుపెట్టారు. దేశమంతా అనుకరించింది. లాభం కనబడేసరికి జాబితాలు ఎఫ్‌ఎంలోకీ వచ్చాయి. 1975లో డొనహ్యూ కన్నుమూసే నాటికే పాటలు ఎంచే స్వేచ్ఛ చేతుల్లోంచి జారడం మొదలైంది. దారి మళ్లీ మూసుకుపోతోంది.

కొత్త దారికి తొలి రాయి పడింది సంగీతానికి ఏ సంబంధమూ లేదనిపించే చోట. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డీటర్ జైట్సర్ అనే ఆచార్యుడికి టెలిఫోను తీగ గుండా సంగీతం పంపాలని కల. పేటెంటుకు దరఖాస్తు చేస్తే, ఇది అసాధ్యమని పరిశీలకుడు తిప్పికొట్టాడు. సీడీ నాణ్యత గల పాటకు సెకనుకు 14 లక్షల బిట్లు కావాలి. ఆనాటి మేలైన డిజిటల్ ఫోను లైన్లు మోయగలిగింది 1,28,000. పది రెట్లకు పైగా తేడా. జైట్సర్ ఆ చిక్కును తన శిష్యుడు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ చేతిలో పెట్టాడు.

కిటుకు మన చెవిలోనే ఉంది. బరాత్‌లో బ్యాండు మోగుతున్నప్పుడు పక్కవాడి గుసగుస వినబడదు. అలాగే సంగీతంలోనూ ఒక పెద్ద ధ్వని పక్కనున్న చిన్న ధ్వనులను కప్పేస్తుంది. చెవికి ఎలాగూ అందనిదాన్ని పంపడం దేనికి? వదిలేస్తే బరువు తగ్గుతుంది. వినడానికి తేలిక, చేయడానికి ఏళ్లు పట్టింది.

పని దాదాపు ముగిసిందనుకున్న వేళ బ్రాండెన్‌బర్గ్‌కు సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' తటస్థపడింది. వాద్యాలు లేవు. ఒక్క స్త్రీ గొంతు, అంతే. తన పద్ధతిలో కుదించి వింటే ఆ గొంతు గరగరలాడింది. ఇన్నాళ్లూ తప్పుల మీద వాద్యాల దుప్పటి ఉంది. ఒంటరి గొంతు దాన్ని లాగేసింది. అతను నిరాశపడలేదు, ఆ పాటనే గీటురాయి చేసుకున్నాడు. మార్చడం, వినడం, మళ్లీ మార్చడం. అలా వందలసార్లు విన్నాడు. ఆ గొంతు గొంతులా వినిపించాకే పని కుదిరినట్టయింది. 1995 జూలై 14న ఆ బృందం తమ ఫైళ్లకు పేరు ఖాయం చేసుకుంది: ఎంపీ3. పాట సుమారు పదకొండో వంతు బరువుకు దిగింది.

ఈలోపు ఇంటర్నెట్ మీద ఒకరి తరువాత ఒకరు తలుపు తడుతున్నారు. 1993 జూన్ 24న కాలిఫోర్నియాలో కంప్యూటర్ ఇంజినీర్లు సరదాగా కట్టుకున్న బృందం తమ కచేరీని ప్రయోగాత్మక నెట్‌వర్కు మీద వదిలితే ఆస్ట్రేలియాలో కనిపించింది. 1994 నవంబరు 7న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థుల స్టేషన్ డబ్ల్యూఎక్స్‌వైసీ, వీడియో సమావేశాల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ గుండా తన ఎఫ్‌ఎం ప్రసారాన్ని ఇంటర్నెట్‌లోకి పంపింది. 1995 ఏప్రిల్‌లో సియాటిల్ నుంచి రియల్‌ఆడియో వచ్చింది. ఫైలంతా దిగేదాకా కాచుకోకుండా, వస్తున్నది వస్తున్నట్టే వినడం మామూలు మోడెముకూ సాధ్యమైంది. ధ్వని పాత టెలిఫోనులా ఉండేది, మాటిమాటికీ ఆగేది. అయినా విన్నవాళ్లు విన్నారు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది అదే ఏడాది ఆగస్టు 15న.

1998 చివర్లో మరో తలుపు తెరుచుకుంది. కంప్యూటర్‌లో పాటలు వినిపించే విన్‌యాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్, అతని సహచరుడు టామ్ పెప్పర్ షౌట్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. ఇంట్లో కంప్యూటరూ, ఎంపీ3 పాటలూ, ఒక కనెక్షనూ ఉంటే చాలు, సొంత రేడియో నడపొచ్చు. టవరు అక్కర్లేదు, ఫోను కట్ అయిన స్టేషన్ కోసం వెతకనక్కర్లేదు. డొనహ్యూ కల ఏ గదిలోనైనా మొదలు కావచ్చు.

మొదలైంది కూడా. ఎఫ్‌ఎంలో ఏళ్ల తరబడి పాటలు గుచ్చిన బిల్ గోల్డ్‌స్మిత్ 1995లోనే కేపీఐజీ అనే కాలిఫోర్నియా స్టేషన్‌ను ఇంటర్నెట్ మీదికి తెచ్చాడు. 2000లో భార్య రెబెకాతో కలిసి ప్యారడైజ్ అనే కొండ ఊరి నుంచి రేడియో ప్యారడైజ్ ప్రారంభించాడు. ప్రకటనలు లేవు, శ్రోతల విరాళాలే ఆధారం. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో రస్టీ హాజ్ సోమాఎఫ్‌ఎం పెట్టాడు. పాటలు గుచ్చే పాత విద్య ఇక్కడ కొత్త చట్టానికీ ఒదగాల్సి వచ్చింది. 1998 నాటి అమెరికా కాపీరైటు చట్టం ప్రకారం మూడు గంటల్లో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించి వేయకూడదు, ఒకే కళాకారుడివి వేర్వేరు ఆల్బమ్‌ల నుంచైనా నాలుగే. ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా ప్రకటించకూడదు. పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ మొత్తం వరసగా వేయాలన్న మోజు పక్కనబెట్టి, దండను మరింత నేర్పుగా గుచ్చడం నేర్చుకున్నారు.

అతి పెద్ద గండం 2002లో వచ్చింది. ఇంటర్నెట్ రేడియో ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు 0.07 సెంట్ల చొప్పున రాయల్టీ కట్టాలని అధికారులు తేల్చారు. చూడ్డానికి చిల్లరే. గంటకు 15 పాటలు, ఎప్పుడూ 500 మంది శ్రోతలు అనుకుంటే రోజుకు 126 డాలర్లు, ఏడాదికి దాదాపు 46,000. విరాళాల మీద నడిచే గదికి అది ఉరితాడు. సోమాఎఫ్‌ఎం ఆ జూన్‌లో మూగబోయింది. శ్రోతలు ఊరుకోలేదు, చట్టసభ సభ్యులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఏడాది చివర్లో చిన్న స్టేషన్లకు వెసులుబాటు ఇచ్చే చట్టం వచ్చింది. మూగబోయిన గొంతు తిరిగి వినిపించింది.

ఇదంతా పరాయి దేశపు సంగతి అనుకోనక్కర్లేదు. పిట్లం ఉన్న జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలోనే, ఝరాసంగం మండలం మాచ్నూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1998లో స్టూడియో కట్టుకున్నారు. చేతిలో లైసెన్సు లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, ఊరివాళ్లకు అవి అందలేదు. విత్తనాల ముచ్చట్లు, పాటలు, పంటల సంగతులు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపిస్తూ పదేళ్లు గడిపారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ నడిపిన ఆ స్టేషన్ రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు పలికేది. పనులు ముగించుకుని మనుషులు ఇల్లు చేరే వేళ అది. రోజు నడకను బట్టి రేడియో నడవాలని వాళ్లకు శాన్‌ఫ్రాన్సిస్కో నేర్పలేదు, వాళ్ల పొలాలే నేర్పాయి. ఫోను లేని స్టేషన్‌లో డొనహ్యూ, లైసెన్సు లేని స్టూడియోలో నర్సమ్మలు. వినేవాళ్లు ఉన్నారన్న నమ్మకమొక్కటే వాళ్లందరికీ పెట్టుబడి.

మా మేనల్లుడి ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. గాలిలో వదిలిన పాట ఎవరి ఇంట్లో మోగుతోందో డొనహ్యూకు తెలిసే వీలు లేదు. ఇంటర్నెట్ రేడియో అలా కాదు. ఒక్కో శ్రోతకు ఒక్కో ధార విడిగా పంపాలి, సెకనుకు 1,28,000 బిట్ల ధారైతే గంటకు సుమారు 58 మెగాబైట్లు. అందుకే ఆ క్షణాన ఎందరు వింటున్నారో స్టేషన్ దగ్గర ఒక అంకె ఉంటుంది.

"నీ పేరు తెల్వదు గానీ, లెక్కల నువ్వున్నవురా" అన్నాను.

"అంటే నేను బంద్ చేస్తే ఒకటి తగ్గుతదా?"

"తగ్గుతది."

వాడు ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, ఆపకుండానే తలదగ్గర పెట్టుకున్నాడు. అప్పుడే 'లైట్ మై ఫైర్' మొదలైంది. నడిమి వాద్యమంతా వచ్చింది. ఏడు నిమిషాలూ పూర్తయ్యేదాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు.