నదులు, చెరువులలో రేడియోధార్మికత: నమూనా సేకరణ పద్ధతుల చారిత్రక పరిశీలన

1. పరిచయం

చరిత్ర విద్యార్థులుగా మీకు ఆధారాల మధ్య తేడా తెలుసు. దానశాసనం ఒక రోజున జరిగిన సంగతిని నమోదు చేస్తుంది. గ్రామ కైఫీయతు కొన్ని తరాల సంగతులను ఒకచోట చేరుస్తుంది. తవ్వకాలలో బయటపడిన మట్టి పొరలు ఎవరూ రాయని కాలాన్ని కూడా చూపుతాయి. నీటిలో రేడియోధార్మికతను కొలిచేవారి దగ్గర కూడా ఇలాంటి మూడు రకాల ఆధారాలు ఉంటాయి. వాటిలో దేనిని సేకరించారు, ఎప్పుడు సేకరించారు అనే దానిపైనే వారి నిర్ణయం ఆధారపడుతుంది.

పూర్వపు విశాఖపట్నం జిల్లాలోనిదై, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం ప్రాంతాన్నీ, అక్కడి శారదా నదినీ ఈ పాఠంలో ఉదాహరణగా తీసుకుందాం.

2. తక్షణ నమూనా

ఒక చోట, ఒక సమయంలో సీసాతో ముంచి తీసిన నీటిని తక్షణ నమూనా అంటారు. ఇది అన్నిటికంటే పాత పద్ధతి. 1902-03 ప్రాంతంలో జె.జె. థామ్సన్ ఇంగ్లండులోని బావి నీటిలో రేడియోధార్మిక వాయువు ఉన్నట్లు గుర్తించింది ఇటువంటి నీటిని పరీక్షించే. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, పని సులభం. అయితే ఆ క్షణానికి ముందూ తరువాతా ఏమి పారిందో ఇది చెప్పలేదు.

సీసా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సీసియం, యురేనియం వంటివి సీసా గోడలకు అంటుకుంటే కొలత తగ్గిపోతుంది. అందుకే నమూనాలో కొద్దిగా నత్రికామ్లం కలుపుతారు. ట్రిటియం కోసం తీసిన నీటిలో మాత్రం ఆమ్లం కలపరు.

3. మిశ్రమ నమూనా

గంటకోసారి కొద్దికొద్దిగా నీరు తీసి, రోజంతటిదీ కలిపితే అది మిశ్రమ నమూనా. దీని బలం, బలహీనత ఒక ఊహాత్మక లెక్కతో తెలుస్తాయి. 24 గంటలలో ఒక్క గంట మాత్రమే నీటిలో 240 యూనిట్ల రేడియోధార్మికత ఉండి, మిగిలిన గంటలలో ఏమీ లేదనుకోండి. మిశ్రమ నమూనా 10 యూనిట్లు చూపుతుంది. ఆ గంటలో తీసిన తక్షణ నమూనా 240 చూపుతుంది, మరో గంటలో తీసినది సున్నా చూపుతుంది. ప్రజలు ఏడాదిలో ఎంత తాగారో తెలియడానికి మిశ్రమ నమూనా మేలు. హఠాత్తుగా జరిగిన విడుదలను పట్టుకోవడానికి ఇది ఒక్కటే చాలదు.

4. అవక్షేపాలు, జీవులు

అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో 1944లో మొదటి రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టింది. దానిని చల్లబరచిన కొలంబియా నది నీరు తిరిగి నదిలోకే చేరింది. నీటిలో కొద్దిగా ఉన్న ఫాస్ఫరస్-32 చేపలలో ఎన్నో రెట్లు పేరుకుంటుందని అక్కడి పరిశోధకులు గమనించారు. నీటిని మాత్రమే పరీక్షిస్తే చేపలు తినేవారికి కలిగే ముప్పు తెలియదు.

సోవియట్ యూనియన్‌లో మయాక్ కర్మాగారం 1949-56 మధ్య టెచా నదిలోకి రేడియోధార్మిక వ్యర్థాలను వదిలింది. ఒడ్డు గ్రామాల ప్రజలు అవే నీళ్లు తాగారు. తరువాత వేలమందిని అక్కడినుంచి తరలించవలసి వచ్చింది. సీసియం-137 ఎక్కువగా బంకమట్టికి అంటుకుంటుంది. స్ట్రాన్షియం-90 ఎక్కువగా నీటిలో కరిగి ప్రవహిస్తుంది. కాబట్టి బురద, నీరు రెండింటినీ పరీక్షించాలి.

పొరలు చెదరని చెరువు బురద కాలక్రమాన్ని కూడా భద్రపరుస్తుంది. వాతావరణంలో జరిపిన అణు పరీక్షల వల్ల కురిసిన సీసియం 1963 ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది. పాత చెరువుల అడుగు మట్టిలో ఆ పొరను గుర్తించి, మిగిలిన పొరల కాలాన్ని అంచనా వేస్తారు. పూడిక తీసిన చెరువులో ఈ ఆధారం మిగలదు.

5. మన ప్రాంతానికి అన్వయం

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు తమ బోరు నీరు పాడైందని ఫిర్యాదు చేశారు. సంస్థ అందుకు తమది బాధ్యత కాదన్నది. యురేనియం ఉన్న నేలలో బోరు నీటికి సహజంగానే కొంత యురేనియం చేరుతుంది. వ్యర్థాల చెరువు నుంచి ఎంత చేరిందో తేల్చాలంటే గని తెరవకముందు అవే బోర్లలో, అదే కాలంలో, అదే పద్ధతిలో తీసిన నమూనాలు కావాలి. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు గనుల ప్రతిపాదనపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, పక్కనే ఉన్న నాగార్జునసాగర్ నీటి గురించి ఇటువంటి ఆందోళనే వ్యక్తమైంది.

శారదకూ ఇది వర్తిస్తుంది. తూర్పు కనుమల ఖొండలైటు, చార్నోకైటు శిలల నుంచి కొట్టుకొచ్చిన మోనజైటు భీమునిపట్నం తీరపు ఇసుకలో ఉంది. అందులో థోరియం ఉంటుంది. అందువల్ల ఏ కర్మాగారమూ లేకపోయినా ఈ ప్రాంతపు నది ఇసుకలో కొంత రేడియోధార్మికత కనిపించవచ్చు. అది ఎంతో ముందే కొలిచి ఉంచకపోతే, రేపు పెరిగిందని ఎవరైనా అన్నప్పుడు రుజువు చేయడానికీ ఆధారం ఉండదు, కాదనడానికీ ఉండదు.

6. సారాంశం

తక్షణ నమూనా ఆ క్షణాన్ని, మిశ్రమ నమూనా సగటును, అవక్షేపం గతాన్ని, చేప ఆహారం ద్వారా వచ్చే ముప్పును తెలుపుతాయి. ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు. వీటన్నిటిలో తరువాత ఎన్నటికీ తిరిగి తీయలేనిది, పరిశ్రమ రాకముందు తీయవలసిన నమూనా.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. టెచా నదిలో నీటితో పాటు బురదను కూడా పరీక్షించవలసిన అవసరం ఏమిటి?
2. మీ ఊరి చెరువులో ఎప్పుడెప్పుడు పూడిక తీశారో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ చెరువు అడుగు మట్టి ఆధారంగా ఎంత వెనకటి కాలాన్ని తెలుసుకోగలమో వివరించండి.