గాలి సస్పెన్షన్ చరిత్రలో జీఎంసీ మోటార్‌హోమ్ - ఒక పరిశీలన

ప్రవేశిక

భారం పెరిగితే వాహనం ఉక్కు స్ప్రింగుల మీద కుంగుతుంది, తగ్గితే లేస్తుంది. ఈ హెచ్చుతగ్గులను నివారించడానికి 1950ల అమెరికాలో బస్సులకూ కార్లకూ గాలి సస్పెన్షన్ అమర్చారు. బస్సులలో అది స్థిరపడింది. కార్లలో కొద్ది ఏళ్లకే మరుగునపడింది. ఒకే సాధనానికి రెండు గతులు పట్టడానికి కారణాలను, 1973 నాటి జీఎంసీ మోటార్‌హోమ్‌కు ఆ చరిత్రలో గల స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పనితీరు

గాలి స్ప్రింగు అంటే చక్రాన్ని మోసే భాగానికీ చట్రానికీ మధ్య అమర్చిన రబ్బరు తిత్తి. లోపలి పీడనం, అది పనిచేసే వైశాల్యం - ఈ రెండింటి లబ్ధమే అది మోసే భారం. అయితే తిత్తి ఒక్కటే వాహనాన్ని సమంగా నిలపలేదు. భారం పెరిగితే అదీ కుంగుతుంది. సమతలాన్ని కాపాడేది ఎత్తు నియంత్రణ వాల్వు. చట్రం కుంగితే వాల్వు మీట కదిలి, కంప్రెసర్ నింపిన ట్యాంకులోని గాలి తిత్తిలోకి చేరుతుంది; చట్రం లేస్తే అదనపు గాలి బయటికి పోతుంది. నిర్ణీత ఎత్తు రాగానే రెండు దారులూ మూసుకుంటాయి. ప్రతి గతుకుకూ గాలి వృథా కాకుండా వాల్వు కొంత ఆలస్యంగా స్పందించేలా నిర్మించడం పరిపాటి.

ఎత్తు మారకుండా పీడనం పెరగడం వల్ల స్ప్రింగు బిగువు కూడా ఇంచుమించు భారానికి తగిన నిష్పత్తిలోనే పెరుగుతుంది. కనుక వాహనం ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ప్రయాణపు మెత్తదనంలో పెద్దగా తేడా రాదు.

బస్సు, కారు

జనరల్ మోటార్స్ 1953లో తన బస్సులలో ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది. 1954లో గ్రేహౌండ్ సంస్థ దూరప్రయాణాలకు నడిపిన సీనిక్రూజర్ బస్సులోనూ ఇదే ఉంది. ఖాళీ బస్సుకూ నిండు బస్సుకూ బరువులో అంతరం ఎక్కువ. పైగా గాలి బ్రేకుల కోసం కంప్రెసర్ ముందే ఉంటుంది. డిపోలలో క్రమం తప్పని తనిఖీ జరుగుతుంది.

కారుకు ఈ అనుకూలతలు లేవు. 13,074 డాలర్ల ధర పలికిన 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రోహమ్‌లో గాలి సస్పెన్షన్‌ను సహజ భాగంగా అమర్చారు. 1958లో షెవర్లే, బ్యూక్ వంటి కార్లకూ కోరుకున్నవారికి అందించారు. గాలి కారిపోవడం, గొట్టాలలో తేమ చేరడం వంటి ఇబ్బందులతో పలువురు యజమానులు తిరిగి ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. భారంలో మార్పు స్వల్పంగా ఉండే కారుకు ఆ ప్రయోజనం కన్నా నిర్వహణ శ్రమే ఎక్కువైంది.

మోటార్‌హోమ్

1973 నుంచి 1978 వరకు తయారైన జీఎంసీ మోటార్‌హోమ్‌లో ఇంజను శక్తి ముందు చక్రాలకే అందుతుంది. వెనుక అడ్డంగా సాగే ఇరుసు అవసరం లేనందున నేలమట్టాన్ని బాగా తగ్గించగలిగారు. వెనుక ఒక్కో పక్క రెండేసి చక్రాలు. వాటిని మోసే రెండు చేతుల మధ్య అడ్డంగా గాలి తిత్తి. ముందు భాగానికి మాత్రం మెలితిరిగే ఉక్కు కడ్డీలే ఆధారం. నీటి ట్యాంకు నిండినా, ఖాళీ అయినా వెనుక భాగం ఎత్తును వాల్వులు కాపాడతాయి. ఎగుడుదిగుడు నేల మీద బండి ఆపినప్పుడు వెనుక కుడి, ఎడమ పక్కలను విడివిడిగా ఎత్తి దించి లోపలి గచ్చును సమం చేసుకోవచ్చు. మంచం, వంటగట్టు ఉన్న వాహనంలో ఇది విలాసం కాదు, నివాసానికి కావలసిన కనీస సదుపాయం.

ముగింపు

కార్లలో గాలి సస్పెన్షన్ వెనుకబడడానికి సూత్రంలోని లోపం కారణం కాదనీ, భారపు మార్పు, నిర్వహణ వసతి దాని మనుగడను నిర్ణయించాయనీ పై పరిశీలన వల్ల అవగతమవుతుంది. బస్సులో ప్రయాణ సౌఖ్యానికి ఉపకరించిన సమతలం, మోటార్‌హోమ్‌లో ఆగిన చోట ఇల్లుగా నిలవడానికీ ఆధారమైంది.