రాజుగారి శాసనం, ముఖ్యమంత్రిగారి చట్టం

మతమార్పిడి నిరోధక చట్టాలు ఈమధ్య పుట్టినవని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి సంస్థానాల దర్బారుల్లో పుట్టాయి. రాయగఢ్ 1936లో, పట్నా 1942లో, సర్గుజా 1945లో, ఉదయపూర్ 1946లో తలా ఒకటి చేసుకున్నాయి. ఈ పట్నా బీహారుది కాదు, పశ్చిమ ఒడిశాలో బలాంగీర్ రాజధానిగా ఉన్న సంస్థానం. ఈ ఉదయపూర్ ఛత్తీస్‌గఢ్ అడవుల్లోది.

రాజులకు అంత బెంగ దేనికి? పొరుగున ఛోటానాగపూర్‌లో 1880లలో కాన్‌స్టాంట్ లీవెన్స్ అనే బెల్జియం ఫాదరీ ముండా, ఉరావ్ రైతులకు భూమి తగాదాల్లో, వెట్టిచాకిరీ కేసుల్లో సాయపడ్డాడు. వేలమంది క్రైస్తవంలో చేరారు. అందులో భక్తి ఎంత, భూమి మీద ఆశ ఎంత అని తూచడం ఎవరి తరమూ కాదు. దొరకు మాత్రం ఒక్కటే అర్థమై ఉంటుంది: నిన్నటిదాకా చేతులు కట్టుకు నిలబడ్డవాడు ఇవాళ కోర్టు మెట్లెక్కుతున్నాడు.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభ మత ప్రచార హక్కుపై వాదులాడుకుంది. ఒడిశా సభ్యుడు లోకనాథ్ మిశ్రా వద్దన్నారు. తాను దాదాపు పద్నాలుగేళ్లు క్రైస్తవ సంస్థల్లో చదివినా మతం మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదని టి.టి. కృష్ణమాచారి చెప్పారు. హక్కు నిలిచింది. అనుమానమూ నిలిచింది. మిషనరీల పనిపై మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన నియోగి కమిటీ 1956లో కటువైన నివేదిక ఇచ్చింది.

స్వతంత్ర భారతంలో తొలి చట్టం 1967లో ఒడిశా చేసింది. అప్పటి ముఖ్యమంత్రి ఆర్.ఎన్. సింగ్ దేవ్ ఎవరనుకున్నారు? 1942లో ఆ శాసనం వచ్చినప్పటి పట్నా మహారాజే! చట్టం పేరు కూడా పాతదే, ‘మత స్వేచ్ఛ’. దేవుడికి కోపమొస్తుందని బెదిరించడాన్ని కూడా అది బలప్రయోగం కింద జమకట్టింది. అలాగైతే ఏ మతంలో ప్రవచనకారుడు తప్పించుకోగలడు? మార్పించినవారికి ఏడాది దాకా జైలు. మారినవారు మైనరో, స్త్రీయో, ఎస్సీ, ఎస్టీయో అయితే రెండేళ్ల దాకా. పెద్దవాళ్లైన ఆడవాళ్లనూ దళితులనూ చిన్నపిల్లలతో ఒకే వరసలో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు.

ఒడిశా హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అలాంటిదే 1968లో మధ్యప్రదేశ్ చేస్తే అక్కడి హైకోర్టు సమర్థించింది. చివరికి 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు రెండింటినీ నిలబెట్టింది: మతాన్ని ప్రచారం చేసే హక్కుంది గానీ మరొకరిని మార్చే హక్కు లేదంది. తర్వాత చట్టాలు చేసిన రాష్ట్రాలన్నీ ఆ తీర్పునే చూపిస్తాయి. ఆంధ్రప్రదేశ్ ఆ దారి పట్టలేదు. తిరుమలలో అన్యమత ప్రచారంపై రేగిన వివాదం తర్వాత 2007లో చేసిన చట్టం, నోటిఫై చేసిన ఆరాధనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని మాత్రమే నిషేధించింది.