బోంగో అడవిలో కెన్యా చరిత్ర

కెన్యాలో ఉంటున్నానంటే మా ఏలూరులో అందరూ సింహాల గురించే అడుగుతారు. నేను మాత్రం కొండ బోంగో గురించి చెప్పాలనుకుంటాను. ఇది ఎర్రమట్టి రంగు ఒంటిమీద తెల్లటి నిలువు చారలున్న జింక. ఆడదానికీ కొమ్ములుంటాయి, మగది 300 కిలోలకు పైనే తూగగలదు. అబర్డేర్, మౌంట్ కెన్యా కొండల వెదురు పొదల్లో దాక్కుని బతుకుతుంది. ఈ దేశానికి తగిలిన ప్రతి దెబ్బా దీనికీ తగిలింది.

మొదటి దెబ్బ ముసర రోగం. 1887లో ఇటలీ సైన్యం కోసం ఎరిత్రియాకు దిగిన పశువులతో అది వచ్చిందనీ, ఆ పశువులు మన ఇండియావేననీ చరిత్రకారులు చెబుతారు. 1890లలో అది తూర్పు ఆఫ్రికా అంతా పాకింది. మసాయి తెగవాళ్ల పశువుల మందలు నేలరాలాయి. అడవిదున్నలు, బోంగోలు కూడా చచ్చాయి. వెనకే మశూచి, కరువు వచ్చాయి. జనం పలచబడిన ఆ నేలనే తెల్లవాళ్లు ఖాళీ భూమి అని రాసుకుని ఆక్రమించారు.

భూమి పోయిన కికుయు తెగవాళ్లు 1950లలో తిరగబడ్డారు. మౌమౌ అనే ఆ తిరుగుబాటు వీరులకు ఈ బోంగో అడవులే కోటలు. 1953లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ అడవులను నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించి విమానాలతో బాంబులు వేయించింది. నాయకుడు దెదాన్ కిమాథిని 1956 అక్టోబరులో పట్టుకుని, మరుసటి ఫిబ్రవరిలో ఉరితీశారు. 1963లో స్వాతంత్ర్యం వచ్చింది.

బోంగోకు మాత్రం ఊరట దక్కలేదు. అడవులు నరికారు, ఉచ్చులు పన్నారు. జూల కోసం పట్టి అమెరికాకు ఎగుమతి చేశారు. 1977లో వేట నిషేధించేనాటికే చాలా ఆలస్యమైంది. నేడు అడవిలో మిగిలినవి వంద కూడా లేవు.

ఎగుమతైనవాటి సంతతే ఇప్పుడు ఆధారమైంది. 2004లో 18 బోంగోలు అమెరికా నుంచి నన్యుకీ దగ్గరి మౌంట్ కెన్యా వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి చేరాయి. 2025లో ఫ్లోరిడా నుంచి మరో 17 కెన్యాకు వచ్చాయి. జూలో పుట్టినవాటికి మనిషంటే భయం ఉండదు. అందుకే తరాల మీద, అంచెలంచెలుగా అడవి అలవాటు చేస్తారు.

కానీ అవి నిలవాలంటే వాటి అడవీ మిగలాలి. కొల్లేరు వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినా, కాపలా సడలిన చోట మళ్లీ లేచాయి కదా. అక్కడి ఆటపాకలో గూడబాతులు నిలిచాయంటే వాటికి నీళ్లు, చెట్లు మిగిల్చాం కాబట్టే.

కెన్యా వచ్చేవారు మసాయి మారా అభయారణ్యం చూసి వెనుదిరగకండి. నన్యుకీ దాకా వెళ్లి బోంగోను చూడండి.