ఫ్యామిలీ కోర్టుకు నలభై ఏళ్లు: వకీలు చదువు మాటేమిటి?

1984లో పార్లమెంటు ఫ్యామిలీ కోర్టుల చట్టం చేసినప్పుడు 13వ సెక్షన్‌లో ఒక మాట తేల్చి చెప్పింది: ఈ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. అవసరమనుకుంటే న్యాయమూర్తే న్యాయవాది సాయం కోరవచ్చు. ఆలుమగల తగవు వాదోపవాదాలతో ముదురుతుందే కాని తీరదన్న భయం ఆ మాట వెనక ఉంది. అందుకే 6వ సెక్షన్ కౌన్సెలర్లను తెచ్చింది, 9వ సెక్షన్ రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అంది. కాలక్రమంలో కోర్టు అనుమతితో వకీళ్లు తిరిగొచ్చారు. రావలసిందే. ఎదుటివాడికి డబ్బూ పలుకుబడీ ఉన్నప్పుడు ఒంటరిగా వచ్చిన ఇల్లాలు తన గోడును చట్టం భాషలో చెప్పుకోలేదు. అయితే ఆనాటి భయాన్ని పోగొట్టే బాధ్యత మాత్రం మనమీదే మిగిలింది. ఎల్ఎల్.బి.లో చదివిన కుటుంబ చట్టం దానికి చాలదు. ప్రాక్టీసులో ఉన్నవాళ్లు పీజీ స్థాయిలో మళ్లీ చదవాలి.

మన నేల మీది వ్యాజ్యాలే ఇందుకు సాక్ష్యం. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ.చౌదరి దాంపత్య హక్కుల పునరుద్ధరణ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమన్నారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ చర్చలో పాల్గొనాలంటే హిందూ వివాహ చట్టం ఒక్కటే తెలిస్తే చాలదు, రాజ్యాంగం లోతుగా తెలియాలి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చిన మన రాష్ట్ర 1986 హిందూ వారసత్వ చట్ట సవరణ కేంద్రం చేసిన సవరణ కంటే ఎంతో ముందుది, కాని 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయిన కూతుళ్లను అది వదిలేసింది. 2005 కేంద్ర సవరణలో ఆ అడ్డు లేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతునూ తీసేసింది. ఈ తేడా ఎరగని వకీలు చేతిలో ఒక ఆడబిడ్డ వాటా పోవచ్చు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లికి అమెరికాలోని మిస్సోరి కోర్టు విడాకులిస్తే, 1991లో సుప్రీంకోర్టు వాటిని గుర్తించలేదు. తెలుగువాళ్ల పిల్లలు ఇన్ని దేశాల్లో కాపురాలు చేస్తున్న ఈ రోజుల్లో విదేశీ డిక్రీల చట్టం అరుదైన విషయమేమీ కాదు.

‘కోర్టే మాకు బడి’ అనే సీనియర్ల మాటలో నిజముంది. సాక్షిని అడిగే ఒడుపు తరగతిలో రాదు. కాని అనుభవం మన దగ్గరికొచ్చిన కేసుల మేరకే నేర్పుతుంది. 2020 నుంచి మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్లు వేయాలి. వాటిలో దాచిన లెక్క పట్టడం, తల్లిదండ్రుల మధ్య నలిగే పిల్లవాడి మనసు తెలుసుకోవడం పద్ధతిగా నేర్చుకోవలసిన విద్యలే. తీరిక ఎక్కడిదన్న ప్రశ్న ఇంకా గట్టిది. జూనియర్‌కు ఒక్క వాయిదా తప్పినా కష్టమే. అందుకని చదువు మానుకోమనలేం. కోర్టు వేళలకు అడ్డురాని తరగతులు పెట్టమని విశ్వవిద్యాలయాలను అడగాలి. సీనియర్లకు నా మనవి ఒక్కటే: మీ ఆఫీసులో కుటుంబ కేసులు చూసే జూనియర్‌ను ఈ ఏడాదే ఆ చదువుకు పంపండి, ఫీజు మీరే కట్టండి.