భయానికి పట్టాలు వేసిన కథ

తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కారా? బుట్ట పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో ఒక్కసారిగా జారిపోయినట్లు ఉంటుంది. "అమ్మో!" అని కళ్లు మూసుకుంటాం. దిగీ దిగకముందే "ఇంకొక్కసారి!" అంటాం. డబ్బిచ్చి మరీ భయాన్ని కొనుక్కోవడం మనిషికి ఉన్న వింత అలవాట్లలో ఒకటి.

ఈ అలవాటును ఇంజనీరింగ్ స్థాయికి తీసుకువెళ్లిన యంత్రం రోలర్ కోస్టర్. దీని పేరులోనే ఒక తమాషా ఉంది. ఫ్రెంచివారు దీనిని 'రష్యా కొండలు' అంటారు. స్పానిష్ భాషలోనూ అదే అర్థం వచ్చే పేరు ఉంది. మరి రష్యన్లు ఏమంటారో తెలుసా? 'అమెరికా కొండలు' అంటారు! ఇద్దరిలో ఎవరు చెప్పింది నిజం? ఇద్దరిదీ నిజమే. ఎలాగో చూద్దాం.

మంచు కొండలు

రష్యాలో చలికాలం సుదీర్ఘమైనది. 17వ శతాబ్దం నుంచే అక్కడ కొయ్య దూలాలతో ఎత్తైన వాలు బల్లలు కట్టి, వాటిమీద నీళ్లు పోసి గడ్డకట్టించేవారు. జనం మెట్లెక్కి పైకి వెళ్లి, చిన్న స్లెడ్జి బండ్లమీద కూర్చుని జర్రున జారేవారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ పరిసరాల్లో కట్టిన కొన్ని మంచు కొండలు 20 మీటర్లకు పైగా ఎత్తుండేవి. అంటే ఆరేడు అంతస్తుల మేడంత అన్నమాట!

మంచు కరిగితే ఆట ఆగిపోతుంది కదా? మహారాణి రెండవ కేథరిన్‌కు ఆ ఇబ్బంది లేకుండా ఓరానియెన్‌బామ్ రాజోద్యానంలో చక్రాల బండ్లమీద జారే కొండను కట్టారు. దాని నిర్మాణం 1762లో మొదలైంది. వాస్తుశిల్పి ఆంటోనియో రినాల్డి. జారుడు మార్గం ఏనాడో పోయింది గాని, దాని పక్కన కట్టిన అందమైన మంటపం నేటికీ నిలిచి ఉంది.

ఈ ఆట పారిస్ చేరింది. 1817లో అక్కడ ఇటువంటి రెండు జారుడు కొండలు వెలిశాయి. పారిస్‌లో రష్యాలో మాదిరి చలి లేదు. కాబట్టి మంచు స్థానంలో చక్రాలు వచ్చాయి. బండి పక్కకు ఎగిరిపోకుండా చక్రాలను దారిలోనే బిగించి ఉంచే ఏర్పాటు చేశారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. కాని ఈ కథలో ముఖ్యమైన మలుపు ఇదే. భయం ఉండాలి, ప్రమాదం ఉండకూడదు అనే ఆలోచన ఇక్కడే మొదలైంది.

బొగ్గు బండెక్కిన జనం

కథ ఇక అట్లాంటిక్ మహాసముద్రం దాటుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మాక్ చంక్ అనే ఊరుంది. ఇప్పుడు దాని పేరు జిమ్ థోర్ప్. కొండమీది గనుల నుంచి ఈ ఊరికి బొగ్గు దించడానికి 1827లో సుమారు 14 కిలోమీటర్ల పొడవున పట్టాలు వేశారు. దిగేటప్పుడు ఇంజను అక్కరలేదు, గురుత్వాకర్షణే బండ్లను లాగేది. ఖాళీ బండ్లను తిరిగి పైకి లాగే పని కంచరగాడిదలది. అందుకని వాటిని కూడా బొగ్గుతో పాటే బండ్లలో ఎక్కించి కిందికి దించేవారు. ఈ సుఖానికి అలవాటు పడిన గాడిదలు తర్వాత కొండ నడిచి దిగడానికి మొరాయించేవని చెబుతారు!

తర్వాత ఆవిరి యంత్రాలు వచ్చి గాడిదలకు విశ్రాంతినిచ్చాయి. 1872లో కొండ కింద సొరంగ మార్గం తెరిచాక బొగ్గుకు ఈ దారి అవసరం లేకపోయింది. కాని పట్టాలు ఊరికే పడి ఉండలేదు. టికెట్టు కొనుక్కుని కొండ దిగడానికి దూరప్రాంతాల నుంచి జనం రాసాగారు. గని బండి వినోద యాత్రగా మారి 1933 వరకు నడిచింది.

దీని స్ఫూర్తితోనే లమార్కస్ థాంప్సన్ అనే ఆయన న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్ సముద్రతీరాన 1884 జూన్‌లో ఒక వినోద రైలు ప్రారంభించాడు. ఎత్తు 15 మీటర్లు. పొడవు సుమారు 180 మీటర్లు. వేగం గంటకు దాదాపు 10 కిలోమీటర్లు. మన సైకిలే అంతకంటే వేగంగా పోతుంది! అవతలి కొసకు చేరాక జనం దిగితే, పనివాళ్లు బండిని పక్కనున్న కొండమీదికి నెట్టేవారు. టికెట్టు 5 సెంట్లు. ఈ మాత్రం దానికే జనం బారులు తీరారు. కొద్ది నెలల్లోనే పోటీదారులు పుట్టుకొచ్చారు. బయల్దేరిన చోటికే తిరిగి వచ్చే చుట్టు దారి ఒకరు వేస్తే, బండిని గొలుసుతో పైకి లాగే ఏర్పాటు మరొకరు చేశారు. రష్యా కొండ అమెరికా కొండ అయింది ఇలాగే.

మెడలు పట్టేసిన వలయం

వేగం చాలదనుకున్నవారు బండిని తలకిందులు చేయాలనుకున్నారు. పారిస్‌లో 1846లోనే ఒక చిన్న వలయం కట్టి చూపారు. 1895లో కోనీ ఐలాండ్‌లో 'ఫ్లిప్ ఫ్లాప్' అనే బండి సుమారు 7.6 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి వలయంలో గిరగిరా తిరిగింది. ఎక్కినవారు కింద పడలేదు. కాని చాలామంది మెడలు, వీపులు నొప్పులతో దిగారు. ఎందుకని?

ఇది మీరు కాగితం మీద లెక్క వేయగలిగిన ప్రశ్నే. వలయం వ్యాసార్థం 'ఆర్' అనుకోండి. గురుత్వ త్వరణం 'జి'. వలయం శిఖరం దగ్గర బండి పట్టా వదలకుండా ఉండాలంటే, అక్కడ దాని వేగం వర్గం కనీసం జి × ఆర్ ఉండాలి. అడుగు నుంచి శిఖరానికి ఎత్తు 2 ఆర్. ఆ ఎత్తు ఎక్కడంలో కొంత గతిజశక్తి స్థితిజశక్తిగా మారుతుంది. శక్తి నిత్యత్వ నియమం ప్రకారం లెక్కిస్తే, అడుగున వేగం వర్గం కనీసం 5 × జి × ఆర్ ఉండాలని తేలుతుంది. అంటే అడుగున వలయంలోకి ప్రవేశించగానే ప్రయాణికుడిని తిప్పడానికి అతని బరువుకు 5 రెట్ల అభికేంద్ర బలం కావాలి. మామూలు బరువు దీనికి తోడైతే మొత్తం 6 రెట్లు!

మీ బరువు 40 కిలోలైతే, ఆ క్షణంలో 240 కిలోలు ఉన్నట్లు సీటు మిమ్మల్ని పైకి నొక్కుతుంది. ఇందులో ఇంకో విశేషం గమనించారా? జవాబులో 'ఆర్' లేనే లేదు. వలయం చిన్నదైనా పెద్దదైనా, అది పూర్తి వృత్తమైతే కనీసం 6 రెట్ల భారం తప్పదు. దోషం వలయం పరిమాణంలో లేదు, ఆకారంలోనే ఉంది. పైగా ఆ భారం మెల్లగా పెరగదు. తిన్నని పట్టామీద 1 రెట్టు ఉన్నది వృత్తం మొదలవగానే 6 రెట్లకు ఎగబాకుతుంది. ఆగిపోతుందేమోనన్న భయంతో బండిని అవసరానికి మించిన వేగంతో పంపితే భారం ఇంకా పెరుగుతుంది. 'ఫ్లిప్ ఫ్లాప్'లో అది 12 రెట్ల దాకా ఉండేదని అంచనా.

1901లో ఎడ్విన్ ప్రెస్కాట్ వలయాన్ని కోలగా మార్చి కొంత మేలు చేశాడు. కాని ఒక విడతకు నలుగురే ఎక్కగలిగేవారు. ఎక్కినవారికంటే చూసి ఆనందించినవారే ఎక్కువ. లాభం లేక అదీ మూతపడింది. తర్వాత దశాబ్దాల పాటు వలయం జోలికి పోయినవారు దాదాపు లేరు.

కనిపించని చక్రాలు, వినిపించే చప్పుడు

ఈలోగా జాన్ మిల్లర్ అనే ఇంజనీరు మరో సమస్య పట్టుకున్నాడు. బండి గుట్ట ఎక్కి దిగేటప్పుడు జడత్వం వల్ల పైకి లేస్తుంది. పట్టా వదిలితే? ఆయన పట్టా అడుగున కూడా చక్రాలు బిగించాడు. దీనికి 1919లో పేటెంటు పొందాడు. పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి. మూడువైపులా పట్టాను పట్టుకున్న బండి ఎగిరిపోవడం ఎలా? ఈ ధైర్యంతోనే 1920లలో నిటారు వాలులు వచ్చాయి. కోనీ ఐలాండ్‌లో 1927లో కట్టిన 26 మీటర్ల ఎత్తు కొయ్య పట్టాల 'సైక్లోన్' ఆ కాలానిదే.

బండిని గొలుసు పైకి లాగేటప్పుడు టక, టక, టక అనే చప్పుడు వస్తుంది. చాలామంది అది గొలుసు చప్పుడనుకుంటారు. కాదు. బండి అడుగున ఉన్న ఇనుప నాలుక, పట్టాల మధ్య పళ్లమీద ఒక్కొక్కటిగా పడే చప్పుడది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ నాలుక పళ్లలో ఇరుక్కుని ఆపుతుంది. ఇటువంటి అడ్డు ఏర్పాటుకు కూడా మిల్లర్ 1910 ప్రాంతంలోనే రూపం ఇచ్చాడు.

అయితే ఏర్పాటు ఉండటం వేరు, అది పనిచేసే స్థితిలో ఉండటం వేరు. 1972 మే 30న లండన్‌లోని బాటర్సీ పార్కులో 'బిగ్ డిప్పర్' బండి గుట్ట ఎక్కుతుండగా లాగే తాడు నుంచి విడిపోయింది. వెనక్కి జారకుండా ఆపవలసిన ఏర్పాటు ఆపలేకపోయింది. బండి వెనక్కి దూసుకువచ్చింది. ఐదుగురు పిల్లలు చనిపోయారు. అప్పటికి ఆ కోస్టర్ కట్టి ఇరవై ఏళ్లు దాటింది. సూత్రం తెలియక జరిగిన ప్రమాదం కాదిది. తెలిసిన సూత్రాన్ని రోజూ తనిఖీ చేసి నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పిన ప్రమాదం.

ఆయిలర్ వంపు

కొయ్య స్థానంలో ఉక్కు గొట్టాల పట్టా 1959లో డిస్నీలాండ్‌లో వచ్చింది. ఉక్కు గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచవచ్చు. ఇప్పుడు వలయం సంగతి మళ్లీ ముందుకు వచ్చింది. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో 'రివల్యూషన్' ప్రారంభమైంది. నిర్మాత ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, లెక్కలు వేసినవాడు వెర్నర్ స్టెంగెల్. ఇద్దరూ జర్మన్లే.

స్టెంగెల్ వృత్తాన్ని వదిలేశాడు. క్లోథాయిడ్ అనే సర్పిలాన్ని తీసుకున్నాడు. ఇందులో ముందుకు పోయేకొద్దీ వంపు క్రమంగా పెరుగుతుంది. అడుగున, అంటే వేగం ఎక్కువగా ఉన్నచోట, వ్యాసార్థం పెద్దది. అందువల్ల భారం తక్కువ, అదీ మెల్లగా పెరుగుతుంది. పైన వేగం తగ్గినచోట వ్యాసార్థం చిన్నది. కాబట్టి తక్కువ వేగంతోనే బండి పట్టాను అంటిపెట్టుకుని ఉంటుంది. పక్కనుంచి చూస్తే వలయం పూర్తి వృత్తంలా కాక, తలకిందులైన నీటిచుక్కలా కనిపిస్తుంది.

ఈ సర్పిలం కొత్తదేమీ కాదు. గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1744లోనే దీనిని వర్ణించాడు. రైలు తిన్నని దారి నుంచి మలుపులోకి కుదుపు లేకుండా తిరగడానికి రైల్వే ఇంజనీర్లు 19వ శతాబ్దంలోనే ఇలా క్రమంగా పెరిగే వంపులను వాడారు. విచిత్రమేమిటంటే, ఆయిలర్ తన జీవితంలో చాలా సంవత్సరాలు గడిపింది మంచు కొండల నగరమైన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే! ఆటా అక్కడే ఉంది, ఆ ఆటను కాపాడే గణితం తెలిసినవాడూ అక్కడే ఉన్నాడు. రెండూ కలవడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

మీరు వెళ్లినప్పుడు

మన దేశంలో పెద్ద వినోద ఉద్యానంగా పేరు పొందిన ఢిల్లీ 'అప్పూ ఘర్' 1984లో ప్రారంభమై 2008లో మూతపడింది. ముంబయిలో 'ఎస్సెల్ వరల్డ్' 1989లో వచ్చింది. హైదరాబాద్ శివార్లలో 'వండర్‌లా' 2016లో మొదలైంది. మీరు ఎక్కడికి వెళ్లినా ఈ విషయాలు గుర్తుంచుకోండి.

సెలవురోజు మధ్యాహ్నం కంటే మామూలు రోజు ఉదయం వెళితే వరుసలు తక్కువగా ఉంటాయి. ముందుగా కాసేపు కిందే నిలబడి ఖాళీ బండి తిరగడం, పనివాళ్లు ప్రతి సీటు కడ్డీని లాగి చూడటం గమనించండి. లాగి చూడకుండా బండి వదిలేచోట ఎక్కకండి. జాతరల్లో తాత్కాలికంగా బిగించిన రాట్నాల దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎత్తు కొలిచే గీత దగ్గర మునివేళ్లమీద నిలబడి మోసం చేయకండి. ఆ గీత మిమ్మల్ని అవమానించడానికి గీసినది కాదు. కడ్డీ మీ ఒంటికి సరిగా ఆనుతుందో లేదో చెప్పేది అదే. చున్నీ, విడిచిన జుట్టు గట్టిగా కట్టుకోండి. గుండెజబ్బు, మెడనొప్పి ఉన్న పెద్దలను బలవంతం చేయకండి.

ఎక్కాక ఒక ప్రయోగం. ఒకసారి ముందు సీటులో, మరోసారి వెనక సీటులో కూర్చోండి. గుట్ట దిగేటప్పుడు వెనక సీటే ఎక్కువగా ఎగరేస్తుంది. ముందు పెట్టెలు అప్పటికే దిగుతూ దానిని వేగంగా శిఖరం దాటిస్తాయి మరి.

ఇంటికి వచ్చాక ఒక లెక్క. అమెరికాలో 2005 నుంచి 2024 దాకా నడిచిన 'కింగ్డా కా' ఎత్తు 139 మీటర్లు. 2025లో దానిని కూల్చివేశారు. అంత ఎత్తు ఎక్కడానికి కింద ఎంత వేగం కావాలో కట్టి చూడండి. గంటకు సుమారు 188 కిలోమీటర్లు వస్తుంది. కాని ఆ బండిని 206 కిలోమీటర్ల వేగంతో వదిలేవారు. మిగిలిన వేగం ఎందుకు? ఘర్షణకు, గాలి నిరోధానికి చెల్లించే సుంకం అది.

ఈసారి గొలుసు మిమ్మల్ని పైకి లాగుతుంటే ఆ టక, టక, టక చప్పుడు శ్రద్ధగా వినండి. భయం మీది. ఆ భయం ప్రమాదం కాకుండా చూసే బాధ్యత మాత్రం ఆ ఉదయం పానా పట్టుకుని పట్టాల వెంట నడిచిన మనిషిది. దిగాక అతను కనిపిస్తే, ఒక్క నమస్కారం పెట్టి రండి.